వెసికిల్స్‌ను వేరుచేసే కాలమ్: ఎనిమిది నెలలు వాడాక నా అభిప్రాయం

కణాలు బయటికి వదిలే అతి చిన్న తిత్తులే వెసికిల్స్, వాటిని ద్రవంలోని ప్రోటీన్ల నుంచి విడదీసే గొట్టమే ఈ కాలమ్. నా నోటుబుక్కు ప్రకారం ఎనిమిది నెలల్లో 14 కాలమ్‌లు వాడాను, మొత్తం 63 సార్లు నడిపాను. మొదటి పదిసార్లు చెయ్యి కుదరడానికే సరిపోయాయి. వాటిని పక్కన పెట్టి, మిగిలిన 53 సార్లలో చూసినదాన్ని బట్టి ఇది రాస్తున్నాను.

వస్తువు చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. బొటనవేలంత లావు, జానెడు పొడవు ఉన్న ప్లాస్టిక్ గొట్టం, లోపల తడి తెల్లటి పూసల ముద్ద, పైనా కిందా మూతలు. మోటారు లేదు, తెర లేదు, విద్యుత్తు అక్కర్లేదు. పైనుంచి పోసిన ద్రవం తన బరువుతో తానే చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. మనం చేయాల్సింది ఆ చుక్కలను వరుసగా చిన్న గొట్టాల్లోకి పట్టుకోవడమే.

బొడ్డుతాడు నుంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలను (ఎముక, కొవ్వు వంటి కణాలుగా మారగలవి) పెంచడం, అవి తమ చుట్టూ ఉన్న ద్రవంలోకి వదిలే ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్‌ను పోగుచేయడం, వాటిని మూత్రపిండాల మీద పరిశోధన చేసే సహోద్యోగులకు అందించడం నా పని. ఆక్సిజన్ అందక దెబ్బతిన్న మూత్రపిండ కణాలు ఈ వెసికిల్స్ ఇస్తే కోలుకుంటాయా అని వాళ్లు చూస్తారు. వాళ్లకు వచ్చే జవాబు నిజమా కాదా అన్నది నేనిచ్చే గొట్టంలో నిజంగా ఏముందన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆ బాధ్యత బరువు నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పాలంటే ముందు నేను వాడిన కిట్ సంగతి చెప్పాలి. కిట్ తయారీదారు పేరు, కాలమ్ తయారీదారు పేరు రెండూ రాయడం లేదు. నేను చెప్పబోయేవి ఆ పద్ధతులకు సంబంధించినవి. ఏ పేరుతో కొన్నా అవి వర్తిస్తాయి.

కిట్ అంటే ఒక సీసా, ఒక సూచనల కాగితం. సీసాలోని ద్రావణాన్ని కణాల ద్రవంలో కలిపి రాత్రంతా చల్లగా ఉంచి, మర్నాడు మామూలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున తెల్లటి మడ్డి కూర్చుంటుంది. దాన్ని కొద్దిపాటి బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ఉప్పు ద్రావణంలో) కలిపేస్తే వెసికిల్స్ సిద్ధమని కాగితం చెబుతుంది. ఆ మడ్డిని రేణువులు లెక్కించే యంత్రంలో పెడితే నాకు కళ్లు చెదిరే సంఖ్యలు వచ్చేవి. దాన్ని తీసుకున్న మూత్రపిండ కణాలు చక్కగా కోలుకునేవి. నాలుగు నెలలు అలా గడిచాయి. ఎలుకల మీద ప్రయోగానికి ప్రణాళిక కూడా రాసుకున్నాం.

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకరోజు అడిగింది. "మేడమ్, కణాలు ఒక్కసారి కూడా తాకని కల్చర్ ద్రవాన్ని ఇదే కిట్‌తో తీసి చూద్దామా?"

"అందులో ఏముంటుందమ్మా? మడ్డి కూడా రాదు" అన్నాను.

వచ్చింది. తెల్లగా, చూడగానే తెలిసేంత వచ్చింది. యంత్రంలో పెడితే మా అసలు నమూనాకు కొంచెం తక్కువగా రేణువులు కనిపించాయి. ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఆ మడ్డిని కూడా మూత్రపిండ కణాల మీద వేసింది. అవీ దాదాపు అంతే బాగా కోలుకున్నాయి. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే ఫలితం. మేము నాలుగు నెలలపాటు మూలకణాల వైద్యశక్తి అనుకున్నది చాలావరకు ఆ ద్రవంలో కలిపే పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్‌లోని ప్రోటీన్లది. పోషణ లేక అలమటిస్తున్న కణాలకు గాఢమైన ప్రోటీన్ల ముద్ద అందితే అవి కోలుకోక ఏం చేస్తాయి? ఎలుకల ప్రణాళిక ఆపేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎలుకలదాకా వెళ్లకముందే తెలిసిందన్న ఊరట ఒకవైపు, ఆ ప్రశ్న నాకు తట్టనందుకు బాధ మరొకవైపు.

ఆ సీసాలో ఉండేది సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్. వైరస్‌లను పోగుచేయడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడుతున్న పదార్థమే. అది నీటిని తనవైపు లాక్కుంటుంది. కరిగి ఉండటానికి నీరు చాలక, పెద్ద అణువులూ రేణువులూ అన్నీ కలిసి బయటికి తోసుకొచ్చి అడుగున కూర్చుంటాయి. వెసికిల్ ఏదో, రక్తంలో ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ ఏదో, కొవ్వును మోసే లిపోప్రోటీన్ ఏదో అది చూడదు. ఆ పాలిమర్ కూడా కొంత మడ్డిలో మిగిలిపోతుంది.

కిట్ మీద కోపంతో ఒక నిజాన్ని దాచకూడదు. 2014లో జర్మనీలోని ఎస్సెన్ వైద్యులు, ఇతరుల మూలకణాలు ఎక్కించాక వచ్చే తీవ్రమైన వ్యాధితో బాధపడుతున్న ఒక రోగికి మీసెంకైమల్ కణాల వెసికిల్స్ ఇచ్చి, లక్షణాలు తగ్గాయని ప్రచురించారు. వాళ్లు వెసికిల్స్‌ను పోగుచేసిందీ పాలీఇథిలీన్ గ్లైకాల్‌తోనే. అంటే పద్ధతిలో పాపం లేదు. ఏం వచ్చిందో ఓపికగా పరీక్షించుకునేవారి చేతిలో అది పనికొస్తుంది. నేను పరీక్షించుకోలేదు, పరీక్షించుకొమ్మని కిట్ కాగితమూ చెప్పలేదు. ఖాళీ ద్రవంతో పోల్చి చూడండి అన్న ఒక్క వాక్యం అందులో ఉండి ఉంటే నాకు నాలుగు నెలలు మిగిలేవి.

ఇంత చిన్న వస్తువుతో పని కాబట్టే ఇంత తేలిగ్గా పొరబడతాం. ఈ వెసికిల్స్‌లో ఎక్కువ భాగం 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. వంద నానోమీటర్లంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. మామూలు సూక్ష్మదర్శినికి అందవు. 1967లో పీటర్ వుల్ఫ్ రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ఇలాంటి రేణువులను చూసి వాటిని ప్లేట్‌లెట్ ధూళి అన్నారు. 1983లో రెండు బృందాలు, ఒకటి ఎలుకల్లో, ఇంకొకటి గొర్రెల్లో, ఎదుగుతున్న ఎర్ర రక్తకణాలు తమకు ఇక అక్కర్లేని ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలను (ఇనుమును కణంలోకి తెచ్చే ప్రోటీన్లను) చిన్న తిత్తుల్లో పెట్టి బయటికి పంపుతున్నాయని చూపించాయి. కణం చెత్త పారబోసుకునే తీరు ఇదని చాలాకాలం అనుకున్నారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ తిత్తుల్లో ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే అణువు) ఉందని, అది మరో కణంలోకి చేరితే అక్కడ దాని ఆధారంగా ప్రోటీన్ కూడా తయారవుతుందని చూపాక ఆ దృష్టి మారింది.

నా పనికి అన్నిటికంటే దగ్గరైనది 2010 నాటి సింగపూర్ పరిశోధన. మూలకణాలు గుండెకు మేలు చేయడం అవి గుండె కండరంగా మారడం వల్ల కాదని, అవి వదిలే ద్రవంలోని వెసికిల్స్‌తోనే ఎలుకల గుండెలో దెబ్బతిన్న భాగం తగ్గుతోందని లిమ్ సాయ్ కియాంగ్ బృందం చూపింది. వాళ్లు ఆ వెసికిల్స్‌ను వేరుచేసింది పరిమాణాన్ని బట్టి విడదీసే కాలమ్ పద్ధతితోనే. ఆ వ్యాసాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. ఫలితాలున్న పుటలే చదివాను, తయారీ వివరాలున్న పేరా మీద ఎప్పుడూ ఆగలేదు. కిట్ దెబ్బ తిన్నాకే ఆగాను.

కాలమ్‌కు వచ్చేముందు మధ్యలో రెండు నెలలు అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌తో గడిపాను. దాని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో అందరికీ తెలిసినదే. మొదట 300 జీ బలంతో (అంటే భూమి ఆకర్షణకు 300 రెట్లు) కణాలను, తర్వాత 2,000 జీతో చచ్చిన కణాల శకలాలను, 10,000 జీతో పెద్ద తిత్తులను తీసేసి, చివరికి 1,00,000 జీ దగ్గర గంటకు పైగా తిప్పితే చిన్న వెసికిల్స్ అడుగుకు చేరతాయి. కిట్ కంటే ఎంతో నయం. కానీ రోజంతా పడుతుంది, గొట్టాల బరువు రవ్వంత తేడా లేకుండా సరిచూసుకోవాలి. అంత ఒత్తిడికి వెసికిల్స్ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలవుతాయి. ఒకే నమూనాను నేను చేస్తే ఒకలా, ఆ అమ్మాయి చేస్తే మరోలా వచ్చేది. మడ్డిని ఎవరు ఎంత గట్టిగా కదిపి కలిపారన్న దాన్ని బట్టి కూడా ఫలితం మారేది.

ఇప్పుడు కాలమ్. అందులోని పూసలు సముద్రపు నాచు నుంచి వచ్చే అగరోజ్‌తో చేసినవి. ప్రతి పూసలోనూ లెక్కలేనన్ని రంధ్రాలుంటాయి. ఊరేగింపు వెంట నడిచే పెద్దవాళ్లు నేరుగా ముందుకు సాగిపోతే, పిల్లలు దారిలో కనిపించిన ప్రతి సందులోకీ దూరి చివరికి వస్తారు కదా, ఇక్కడా అంతే. రంధ్రంలో పట్టని వెసికిల్స్ పూసల మధ్యనుంచి జారి ముందుగా దిగుతాయి. చిన్నవైన ప్రోటీన్లు ప్రతి రంధ్రంలోకీ వెళ్లి తిరిగి ఆలస్యంగా దిగుతాయి. ఈ సూత్రం పాతదే. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఒకటి సెఫరోజ్ సీఎల్-2బీ అనే అగరోజ్ పూసలు నింపిన పది మిల్లీలీటర్ల కాలమ్‌తో ఒక్క అంచెలోనే ప్లేట్‌లెట్ల ద్రవం నుంచి వెసికిల్స్‌ను ప్రోటీన్ల నుంచీ, కొవ్వును మోసే చిన్న రేణువులైన హెచ్‌డీఎల్ నుంచీ విడదీసి చూపింది. మార్కెట్లోని కాలమ్‌లలో చాలావరకు ఆ సూత్రం మీద నడిచేవే.

నా రోజు ఇలా ఉంటుంది. ముందురోజే కాలమ్‌ను చలి నుంచి తీసి గది వేడికి వదిలేస్తాను. చల్లగా ఉన్నదాన్ని హడావుడిగా మొదలుపెడితే బఫర్‌లోని గాలి బుడగలై పూసల మధ్య చిక్కుకుంటుంది. మొదటి పదిసార్లలో మూడుసార్లు ఈ తప్పు చేశాను. బఫర్‌లోంచి గాలి తీసేసి, దాన్ని పూసల మీదుగా బాగా పారిస్తాను. బఫర్ మట్టం పైనున్న జల్లెడ బిళ్లను తాకుతున్న క్షణంలో, పూసలు ఇంకా ఆరకముందే, అర మిల్లీలీటరు నమూనాను నెమ్మదిగా వేయాలి. ఆ క్షణంలో గదిలో ఎవరైనా పిలిచినా నేను పలకను. నమూనా బిళ్లలోకి ఇంకిపోగానే పైనుంచి బఫర్ పోస్తూ కింద అర మిల్లీలీటరు చొప్పున పట్టుకుంటాను. మొదటి ఆరు గొట్టాలు ఉత్త బఫరే. ఏడు, ఎనిమిది, తొమ్మిది గొట్టాల్లో వెసికిల్స్ ఉంటాయి. పదకొండు నుంచి ప్రోటీన్ మొదలై, ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగిపోతుంది. పదో గొట్టం మీద ఆశ పుడుతుంది, అందులో కూడా కొన్ని వెసికిల్స్ ఉంటాయి కాబట్టి. నేను తీసుకోను. అంతా కలిపి అరగంట లోపే అయిపోతుంది.

ఫలితం? కిట్ చూపించిన రేణువుల్లో పదో వంతు కూడా కాలమ్ ఇవ్వలేదు. మొదటిసారి ఆ అంకె చూసి ఏదో చిందిపోయిందనుకున్నాను. అప్పుడే ఆ లెక్కించే యంత్రం గురించి సరిగ్గా ఆలోచించాను. అది లేజరు కాంతి వేసి, ద్రవంలో కదిలే మెరుపు చుక్కలను వీడియో తీసి, ఆ కదలిక వేగం నుంచి ఒక్కో రేణువు పరిమాణాన్ని లెక్కకడుతుంది. కాంతిని చెదరగొట్టేది ఏదైనా దానికి రేణువే. వెసికిల్ అయినా, ప్రోటీన్ల ముద్ద అయినా, కొవ్వు బొట్టు అయినా ఒకటే. అది అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను.

అందుకని ఒక్కో మైక్రోగ్రాము ప్రోటీన్‌కు ఎన్ని రేణువులున్నాయో చూడటం అలవాటు చేసుకున్నాను. 2013లో వెబర్, క్లేటన్ ప్రతిపాదించిన కొలమానం ఇది. మైక్రోగ్రాముకు మూడు వేల కోట్ల రేణువులు దాటితే చాలా శుభ్రమైన నమూనా అని, 150 కోట్లకు దిగితే కల్మషమని వాళ్లు లెక్క ఇచ్చారు. నా కిట్ నమూనా 60 కోట్ల దగ్గర ఆగింది. కాలమ్ నమూనాలు చాలా రోజులు 2,000 నుంచి 2,600 కోట్ల మధ్య వచ్చాయి. మూడు వేలు దాటిన రోజులు ఏడు. ఆ ఏడు తేదీల పక్కన నోటుబుక్కులో పచ్చ సిరాతో గీత పెట్టుకున్నాను.

ఈ నిష్పత్తి ఒక్కటే చాలదు. వెసికిల్ పొరలో ఉండాల్సిన సీడీ9, సీడీ63, సీడీ81 అనే ప్రోటీన్లు ఉన్నాయా, లోపల ఉండాల్సిన టీఎస్‌జీ101 ప్రోటీన్ ఉందా, ఉండకూడని కాల్నెక్సిన్ (కణం లోపలి భాగాలకు చెందిన ప్రోటీన్), ఆల్బుమిన్ ఎంత తక్కువగా ఉన్నాయి అని కూడా చూస్తాం. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంతర్జాతీయ సంఘం 2014, 2018, 2023 సంవత్సరాల పేరుతో వెలువరించిన మార్గదర్శకాలు ఇలాంటి పరీక్షలనే కోరుతాయి. వెసికిల్ కణంలో ఏ దారిన పుట్టిందో రుజువు లేకుండా దాన్ని ఎక్సోజోమ్ (కణం లోపలి అరల్లో పుట్టి బయటికి వచ్చే తిత్తి) అని పిలవవద్దని కూడా అవి సూచిస్తాయి. నేను ఈ సమీక్షలో ఆ మాటను జాగ్రత్తగా తప్పించడానికి కారణం అదే.

ప్రోటీన్లను జెల్‌లో విడదీసి పట్టీలుగా చూసే పరీక్షలో, కిట్ నమూనాలో ఆల్బుమిన్ పట్టీ ఎంత మందంగా వచ్చేదంటే దాని పక్కన మిగతావన్నీ పల్చబడి కనిపించేవి. కాలమ్ నమూనాలో అది సన్నని గీత. ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, ఆ అమ్మాయి ప్రశ్న. సీరమ్ లేని ద్రవంలో 48 గంటలు ఉంచిన కణాల నుంచి తీసిన వెసికిల్స్ ఒకవైపు, కణాలే లేని అదే ద్రవాన్ని అదే కాలమ్‌లో నడిపి తీసిన ఖాళీ నమూనా మరోవైపు. ఖాళీ నమూనా వేసిన మూత్రపిండ కణాల్లో మార్పేమీ లేదు. వెసికిల్స్ వేసినవి కోలుకున్నాయి, కిట్ రోజుల్లో చూసినదాంట్లో సగమే. ఆ సగాన్ని చూసి నాకు కలిగిన సంతోషం అప్పటి పెద్ద సంఖ్యలు ఎప్పుడూ ఇవ్వలేదు. అది వెసికిల్స్ పని అని ఎవరి ఎదుటనైనా చెప్పగలను.

లోపాలు చాలానే ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చెప్పను.

అర మిల్లీలీటరు వేస్తే ఒకటిన్నర మిల్లీలీటరులో వెసికిల్స్ వస్తాయి, అంటే మూడింతలు పలచబడతాయి. కాలమ్‌కు ముందు ద్రవాన్ని గాఢం చేయాలి, తర్వాత మళ్లీ గాఢం చేయాలి. రెండుసార్లూ వాడే వడపోత పొరకు వెసికిల్స్ అంటుకుపోతాయి. ఒకసారి సగానికి పైగా అక్కడే పోగొట్టుకున్నాను. పొరను ముందుగా తడిపి ఉంచడం, మరీ వేగంగా తిప్పకపోవడం, మధ్యమధ్య ఆపి పైపెట్‌తో మెల్లగా కడగడం వల్ల నష్టం తగ్గింది కానీ పోలేదు.

రెండోది మరీ ముఖ్యమైనది. కాలమ్‌ను బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలిపిన ద్రావణంలో పంపుతారు. అది కణాలకు విషం. దాన్ని పూర్తిగా కడిగేయకపోతే మన వెసికిల్స్‌తోపాటు విషాన్నీ కణాల మీద పోసినట్టే. ఈ హెచ్చరిక సూచనల కాగితంలో ఉంది, కానీ చిన్న అక్షరాల్లో, రెండో పుట చివర. అది మొదటి పుట మొదటి వాక్యంగా ఉండాలి. తయారీదారుకు ఈ మాట రాసి పంపాను, మర్యాదగా జవాబిచ్చారు, కాగితం మాత్రం ఇంకా మారలేదు.

ఒక కాలమ్‌ను ఐదుసార్లు వాడవచ్చంటారు. ఒకే రకం నమూనా అయితే నేనూ ఐదుసార్లు వాడతాను. వేర్వేరు నమూనాలైతే మాత్రం రెండోసారి కూడా వాడను. నాలుగోసారి ఉత్త బఫర్ నడిపి చూస్తే పాత వెసికిల్స్ కొన్ని దిగడం నా కళ్లతో చూశాను. ఒక పెట్టెలోని కాలమ్‌లు మిగతావాటికంటే చాలా నెమ్మదిగా పారాయి, వెసికిల్స్ ఎనిమిదో గొట్టం నుంచి మొదలయ్యాయి. అడగగానే పెట్టె మార్చి ఇచ్చారు. అయినా కొత్త పెట్టె తెరిచిన ప్రతిసారీ ఏ గొట్టంలో ఏం దిగుతుందో ఒకసారి సరిచూసుకోండి. కాగితంలో అచ్చువేసిన అంకెను నమ్మి తీసుకోకండి.

రక్తంతో పనిచేసేవారికి ఇది ఒక్కటే సరిపోదని గట్టిగా చెబుతున్నాను. రక్తంలోని కైలోమైక్రాన్లు, వీఎల్‌డీఎల్ వంటి కొవ్వు రేణువులు పరిమాణంలో వెసికిల్స్‌తో సమానంగా ఉంటాయి. పరిమాణాన్నే చూసే కాలమ్‌కు అవి వేరని ఎలా తెలుస్తుంది? వెసికిల్స్‌తో కలిసే దిగుతాయి. సంఖ్యలో వెసికిల్స్ కంటే ఎక్కువగా కూడా ఉండవచ్చు. సాంద్రతను బట్టి విడదీసే మరో అంచె తప్పనిసరి. మా పక్క గదిలోని మిత్రుడు ప్లాస్మాను ఈ కాలమ్‌లో నడిపి వచ్చిన సంఖ్య చూపించి సంబరపడుతుంటే, నాకు నా కిట్ రోజులు గుర్తొచ్చి, వెంటనే అపోలిపోప్రోటీన్ (కొవ్వు రేణువుల మీద ఉండే ప్రోటీన్) పరీక్ష చేయించాను. పట్టీ నల్లగా వచ్చింది, అంటే కొవ్వు రేణువులు నిండా ఉన్నాయన్నమాట.

దాచుకోవడం గురించి కూడా ఒక మాట. ఇంత కష్టపడి తీసినదాన్ని ఉత్త ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పడేస్తే, కొన్ని వారాల తర్వాత తీసి లెక్కిస్తే చాలా తగ్గిపోయి ఉంటాయి. గొట్టం గోడలకే కొన్ని అంటుకుపోతాయి. బఫర్‌లో మానవ ఆల్బుమిన్, ట్రెహలోజ్ అనే చక్కెర కలిపితే నిల్వ బాగుంటుందని 2022లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మేము ఆ దారికి మారాము, తేడా స్పష్టంగా ఉంది. కాకపోతే ఆల్బుమిన్ కలిపాక ప్రోటీన్ నిష్పత్తి కొలవడం కుదరదు. అందుకే కొలతలన్నీ ముందే పూర్తి చేసుకోవాలి.

ఇదంతా మనిషికి మందుగా మారాలంటే ఈ చిన్న కాలమ్ ఏ మూలకు? అర మిల్లీలీటరు ఎక్కడ, రోగికి కావలసిన మోతాదు కోసం వడకట్టాల్సిన లీటర్ల ద్రవం ఎక్కడ. పెద్ద ఎత్తున చేసేవారు కణాలను బయోరియాక్టర్లలో పెంచి, ద్రవాన్ని టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్‌తో గాఢం చేస్తారు. అందులో ద్రవం పొరకు ఎదురుగా కాక పొర వెంట పారుతుంది, అందుకే పొర త్వరగా పూడుకుపోదు. ఆ తర్వాత పెద్ద కాలమ్‌లో నడిపి ప్రోటీన్లను వదిలించుకుంటారు. నేను చేసేది దానికి ముందు మెట్టు. కానీ ఈ మెట్టు మీద తప్పితే పై మెట్లన్నీ తప్పుతాయని నాలుగు నెలల కిట్ అనుభవం నాకు నేర్పింది.

ఈ మధ్య మా పిన్ని ఒక కరపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. మోకాలి నొప్పికి ఎక్సోజోముల సూది వేస్తారట. "నువ్వు చేసేది ఇదే పని కదా, వేయించుకోమంటావా?" అని అడిగింది. కరపత్రమంతా ఒక పెద్ద సంఖ్య చుట్టూ తిరిగింది, సీసాకు ఇన్ని వందల కోట్ల ఎక్సోజోములని. ఏ కణాల నుంచి తీశారో లేదు. ప్రోటీన్ ఎంతో లేదు. సూక్ష్మజీవులు లేవని ఎలా తేల్చారో లేదు. ఖాళీ ద్రవంతో పోల్చారా అన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. అదే సంఖ్య చూసి నాలుగు నెలలు మురిసిపోయినదాన్ని నేను. "వద్దు పిన్నీ, ఇందులో ఏముందో వాళ్లకైనా తెలుసని నాకు నమ్మకం లేదు" అన్నాను. 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నెబ్రాస్కా రాష్ట్రంలో ఇలాంటి అనుమతి లేని ఉత్పత్తులు తీసుకున్న రోగులకు తీవ్రమైన హాని జరిగిందని బహిరంగ హెచ్చరిక ఇచ్చి, తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని స్పష్టం చేసిన సంగతి కూడా చెప్పాను. ఆమె కరపత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. వారం తర్వాత ఫోను చేసి, వేయించుకోలేదని చెప్పింది.

ఎవరికి పనికొస్తుందంటే, సీరమ్ లేని కల్చర్ ద్రవంతో, తక్కువ పరిమాణంలో, వెసికిల్స్ ఏ పని చేస్తాయో తెలుసుకోవాలనుకునేవారికి ఈ కాలమ్ నిస్సంకోచంగా కొనమంటాను. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ పలచబడటానికి కాదు, అజైడ్ హెచ్చరికను రెండో పుట చివర పెట్టినందుకు. రక్తంతో పనిచేసేవారు దీన్ని రెండు అంచెల్లో ఒకటిగా మాత్రమే చూడండి. లీటర్ల లెక్కన పనిచేసేవారు దీన్ని చెయ్యి అలవాటు కోసం వాడి, నేరుగా పెద్దదానికి వెళ్లండి.

ఎలుకల ప్రణాళిక మళ్లీ మొదలైంది. ఈసారి దాన్ని రాసింది ఆ అమ్మాయే. మూడు గుంపులు: మందేమీ ఇవ్వనిది, వెసికిల్స్ ఇచ్చేది, కణాలే లేని ద్రవాన్ని కాలమ్‌లో నడిపి ఇచ్చేది. మూడో గుంపు కోసం వేరే కాలమ్‌లు తెప్పించి, వాటి పెట్టె మీద ఎర్ర సిరాతో 'ఖాళీ నమూనాకు మాత్రమే' అని రాసి, ఫ్రీజర్ పక్క అరలో విడిగా పెట్టాం.